మామిడి గుజ్జు పూసలతో మొదలుపెట్టి: క్యాప్సూల్ ఎలా ఏర్పడుతుందో చేసి చూడండి

జూన్ నెలలో చిత్తూరు వైపు వెళ్తే గుజ్జు ఫ్యాక్టరీల గేట్ల ముందు తోతాపురి లోడు ట్రాక్టర్లు బారులు తీరి కనిపిస్తాయి. ఆ సీజన్‌లో మన ఇళ్ళల్లోనూ కాయకు కొదవుండదు. ఆ గుజ్జుతోనే ఒక పని చేద్దాం. మీరు తిరుపతిలో డిగ్రీ చదువుతున్నా, ఇంట్లో పిల్లల సైన్స్ ఫెయిర్‌కి ఏం చేయించాలా అని టెన్షన్ పడుతున్నా ఇది పనికొస్తుంది.

క్యాప్సూల్ అనగానే మెడికల్ షాపులో ఇచ్చే గొట్టం మాత్ర గుర్తొస్తుంది. నా దృష్టిలో దాని తయారీలో పెద్ద విశేషమేమీ లేదు. స్టీలు కడ్డీలను జెలటిన్ ద్రావణంలో ముంచి తీస్తారు, ఆరబెడతారు, ఆ తొడుగు ఊడదీసి మందు నింపి మూత పెడతారు. ఇలా రెండు ముక్కలుగా చేసే పద్ధతి 1840ల నాటిది. అసలు విశేషం ఎక్కడుందంటే, పొరను ఎవరూ తయారు చేయకుండా, రెండు ద్రవాలు తగిలిన చోట దానంతటదే పుట్టే క్యాప్సూల్స్‌లో ఉంది. కెమిస్ట్రీలో, బయాలజీలో, మెటీరియల్ సైన్స్‌లో ఎక్కడ చూసినా మూడే ప్రశ్నలు వేసుకోవాలి. ఏ రెండు తగిలితే పొర పుడుతుంది? ఆ పొరలోంచి ఏది దూరుతుంది, ఏది దూరలేదు? పొర పెరగడం ఎప్పుడు ఆగుతుంది? ప్రయోగం చేస్తున్నంతసేపూ ఈ మూడూ ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టుకోండి.

కావలసినవి

ఆల్జినేట్ కలిపిన గుజ్జు చుక్కను కాల్షియం నీళ్ళల్లో వేస్తే చుట్టూ పొర కడుతుంది, అదే మన పూస. అందుకు కావలసినవి సోడియం ఆల్జినేట్, కాల్షియం లాక్టేట్, సోడియం సిట్రేట్. మూడూ ఫుడ్ గ్రేడ్‌వే కొనండి. బేకరీ సామాన్లు అమ్మే షాపుల్లో అడగండి, లేకపోతే ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. కాల్షియం లాక్టేట్ బదులు కాల్షియం క్లోరైడ్ వాడొచ్చు, చవక కూడా. కానీ చేదుగా, ఉప్పగా ఉంటుంది. తినడానికైతే లాక్టేటే మేలు. తేమ పీల్చుకోవడానికి డబ్బాల్లో వేలాడదీసే రకం కాల్షియం క్లోరైడ్‌ను మాత్రం వంటింట్లోకి రానివ్వకండి.

ఒక్క గ్రామును కూడా కచ్చితంగా తూచే చిన్న డిజిటల్ కాటా కావాలి. ఈ ప్రయోగంలో చెంచా కొలతలు పనికిరావు. సూది లేని 10 మి.లీ. సిరంజి, చిల్లుల గరిటె, మిక్సీ, పులుపు ఎంతుందో రంగు మారి చూపించే పీహెచ్ పేపర్ ఉంటే చాలు.

ఇక నీళ్ళు. తిరుపతిలో చాలా వీధుల్లో బోరు నీళ్ళే. గీజర్ కాయిల్ మీద తెల్లటి పెచ్చు కడుతోందంటే మీ నీళ్ళల్లో కాల్షియం దండిగా ఉన్నట్టే. ఆ నీళ్ళల్లో ఆల్జినేట్ కలిపితే చుక్క వేయకముందే గిన్నెలోనే ఉండలు కట్టేస్తుంది. ఆల్జినేట్ కలపడానికి ఆర్‌వో క్యాన్ నీళ్ళో, డిస్టిల్డ్ వాటరో వాడండి. కాల్షియం కలిపే గిన్నెకు మాత్రం బోరు నీళ్ళైనా పరవాలేదు.

గుజ్జు సిద్ధం చేయడం

ముందు రోజు రాత్రే మొదలుపెట్టాలి. 200 మి.లీ. ఆర్‌వో నీళ్ళకు 3 గ్రాముల సోడియం ఆల్జినేట్. పొడిని నేరుగా నీళ్ళల్లో పోస్తే పైన తడిసి లోపల పొడిగా ఉండలు చుట్టుకుంటుంది, ఎంత తిప్పినా కరగదు. అందుకని రెండు చెంచాల పంచదారలో పొడిని బాగా కలిపి, మిక్సీ తిరుగుతుండగా కొంచెం కొంచెంగా వేయండి. రెండు నిమిషాలు తిరిగాక చిక్కటి గంటె జారుడు ద్రవం వస్తుంది, నిండా బుడగలతో. మూతపెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే బుడగలు పోతాయి. ఈ ఓపిక లేకపోతే పూసలు నీళ్ళల్లో మునగక పైన తేలుతాయి, ఆకారం కూడా చెడుతుంది.

తెల్లారాక 200 మి.లీ. గుజ్జు తీసుకుని సన్నటి జల్లెడలో వడకట్టండి. తోతాపురి పీచు సిరంజిలో అడ్డుపడుతుంది. బేనీషా గుజ్జు మెత్తగా వస్తుంది, తియ్యదనమూ ఎక్కువే. కానీ రంగు, పులుపు చూసుకుంటే ఈ పనికి నేను తోతాపురికే ఓటేస్తాను.

ఇప్పుడు పులుపు సంగతి. పీహెచ్ 4 కంటే కిందికి దిగేకొద్దీ ఆల్జినేట్ ఆల్జినిక్ ఆమ్లంగా మారుతుంది. చిక్కబడి, ముక్కలు ముక్కలుగా విరుగుతుంది. మామిడి గుజ్జు సరిగ్గా ఆ అంచు మీదే ఉంటుంది. అందుకే గుజ్జులో ముందు ఒక గ్రాము సోడియం సిట్రేట్ కలిపి పీహెచ్ పేపర్ ముంచండి. 4.5 దాటేదాకా కొంచెం కొంచెంగా కలుపుతూ పోవచ్చు, మరీ ఎక్కువైతే ఉప్పదనం తగులుతుంది. సిట్రేట్ ఇంకో మేలు కూడా చేస్తుంది. గుజ్జులో సహజంగా ఉండే కాల్షియాన్ని పట్టి ఉంచుతుంది. టిన్నులో దొరికే తియ్యటి గుజ్జులో సిట్రిక్ యాసిడ్ కలిపి ఉండొచ్చు, లేబుల్ చూసుకోండి. ఉంటే సిట్రేట్ కాస్త ఎక్కువ పడుతుంది.

గుజ్జు, ఆల్జినేట్ ద్రవం రెండూ ఒక గిన్నెలో పోసి గరిటెతో మెల్లగా కలపండి. మళ్ళీ మిక్సీలో వేస్తే బుడగలు మళ్ళీ మొదటికొస్తాయి.

చుక్కలు వేయడం

ఒక లీటరు నీళ్ళల్లో 15 నుంచి 20 గ్రాముల కాల్షియం లాక్టేట్ కరిగించండి. కాల్షియం క్లోరైడ్ అయితే 5 గ్రాములు చాలు, ఎందుకంటే గ్రాముకు గ్రాము లెక్క వేస్తే దాంట్లో కాల్షియం చాలా ఎక్కువ. పక్కన ఇంకో గిన్నెలో మామూలు తాగే నీళ్ళు పెట్టుకోండి.

సిరంజిలో గుజ్జు నింపి, నీటికి జానెడు కంటే తక్కువ ఎత్తులో పట్టుకుని ఒక్కో చుక్కా వదలండి. మరీ ఎత్తు నుంచి వేస్తే చుక్క నీళ్ళకు కొట్టుకుని చపటా అవుతుంది. మరీ దగ్గరగా వేస్తే గుండ్రబడే వ్యవధి లేక తోక మిగులుతుంది. తోకలు వస్తుంటే ఎత్తు కాస్త పెంచండి. చపటా వస్తుంటే తగ్గించండి. రెండూ వస్తుంటే గుజ్జు చిక్కదనం సరిపోలేదని అర్థం.

మిల్లీలీటరుకు ఇరవై చుక్కలు పడుతున్నాయా లెక్కపెట్టండి. మామూలు సెలైన్ సెట్టుకు నర్సులు వాడే లెక్క ఇదే. అలా పడితే ఒక్కో పూస సుమారు నాలుగున్నర మిల్లీమీటర్లు ఉంటుంది. ఇంకా చిన్నవి కావాలంటే సిరంజి మూతి సన్నగా ఉండాలి. చుక్క ఎంత బరువెక్కాక ఊడి పడాలో తేల్చేది మూతి వెడల్పు, ద్రవం తలతన్యత. మీరు గట్టిగా నొక్కినంత మాత్రాన చుక్క సైజు మారదు, ధార కడుతుంది అంతే.

చుక్క నీళ్ళు తాకిన క్షణంలోనే పలుచని చర్మం పుడుతుంది. కళ్ళు నీటి మట్టానికి దించి పక్కనుంచి చూడండి. పడేటప్పుడు వణుకుతూ పడిన చుక్క, ఒకటి రెండు సెకన్లలో ఆ వణుకు మాని గుండ్రంగా నిలబడిపోతుంది. ఒకటిన్నర నిమిషం అయ్యాక చిల్లుల గరిటెతో తీసి మంచినీళ్ళ గిన్నెలో వేయండి. నోట్లో వేసుకుని నాలుకతో నొక్కితే పటుక్కున పగిలి గుజ్జు బయటికొస్తుంది.

లోపల ఏం జరిగింది

ఆల్జినేట్ గోధుమ రంగు సముద్రపు నాచు నుంచి వస్తుంది. 1881లో బ్రిటన్‌లో స్టాన్‌ఫర్డ్ అనే కెమిస్టు దీన్ని తీసే పద్ధతికి పేటెంటు పొందాడు. మన పక్కనే తమిళనాడులో మండపం తీరంలో ఈ జాతి నాచును ఏరి ఆల్జినేట్ తీయడానికి పంపుతారు. ఇది రెండు రకాల చక్కెర ఆమ్లాలు వరసగా గుచ్చుకున్న పొడవాటి గొలుసు. ఒకటి మాన్యురోనిక్ ఆమ్లం, రెండోది గులురోనిక్ ఆమ్లం. గొలుసు పొడవునా రుణావేశాలు ఉంటాయి. సోడియానికి ఒక్క ధనావేశమే కాబట్టి అది ఒక్క గొలుసుకే అంటిపెట్టుకుని ఉంటుంది. గొలుసులు విడివిడిగా జారిపోతుంటాయి, ద్రవం ద్రవంగానే ఉంటుంది.

కాల్షియానికి రెండు ధనావేశాలు. అది ఒక గొలుసును ఒక పక్క, ఇంకో గొలుసును ఇంకో పక్క పట్టుకుంటుంది. గులురోనిక్ ముక్కలు వరసగా వచ్చిన చోట గొలుసు మడతలు పడి గుంటలు గుంటలుగా ఉంటుంది. ఆ గుంటల్లో కాల్షియం అయాన్లు కూర్చుంటాయి, పైనుంచి ఇంకో గొలుసు మూసుకుంటుంది. కోడిగుడ్ల అట్ట ట్రే మీద ఇంకో ట్రే బోర్లించినట్టు. 1973లో ఈ నిర్మాణాన్ని ప్రతిపాదించిన వాళ్ళు దానికి గుడ్ల ట్రే మోడల్ అనే పేరు పెట్టారు.

కాబట్టి మొదటి ప్రశ్నకు జవాబు: ఆల్జినేట్, కాల్షియం తగిలిన చోట. రెండో ప్రశ్నకు: కాల్షియం చిన్నది కాబట్టి పొరలోంచి దూరిపోతుంది, ఆల్జినేట్ గొలుసులు పొడవైనవి కాబట్టి బయటికి రాలేవు. దీన్నిబట్టే మూడో జవాబు కూడా తేలుతుంది. పొర లోపలి వైపే పెరుగుతుంది, లోపల ఆల్జినేట్ అయిపోయేదాకా ఆగదు. మంచినీళ్ళల్లో కడిగినా పొరలో అప్పటికే చేరిన కాల్షియం మెల్లగా లోపలికి పోతూనే ఉంటుంది. అందుకే ఈ పూసలను చేసిన వెంటనే తినాలి. గంట ఆగితే లోపల ద్రవం మిగలదు, జెల్లీ ముద్దవుతుంది.

ఈ కిటుకు హోటళ్ళ వాళ్ళు ఈ మధ్య కనిపెట్టిందని చాలామంది అనుకుంటారు. కృత్రిమ చెర్రీ పళ్ళ తయారీకి పెషార్ట్ అనే ఆయన 1946లోనే ఆల్జినేట్, కాల్షియం పద్ధతి మీద అమెరికా పేటెంటు తీసుకున్నాడు.

బ్లేడుతో కోసి చూడండి

సైన్స్ ఫెయిర్‌కి వెళ్ళేవాళ్ళు ఇక్కడ తీరిగ్గా ఉండండి. జడ్జీలు అడిగేది ఇదే. ఒకేసారి కొన్ని పూసలు వేసి, 30 సెకన్లకు కొన్ని, 2 నిమిషాలకు కొన్ని, 8 నిమిషాలకు కొన్ని తీయండి. కొత్త బ్లేడుతో మధ్యకు కోసి, స్కేలు పక్కన పెట్టి ఫోన్‌లో దగ్గరగా ఫోటో తీయండి. కారిపోయిన భాగం పోగా మిగిలిన రింగు మందం కొలవండి.

ప్రతిసారీ సమయం నాలుగు రెట్లు పెరిగింది. మందం నాలుగు రెట్లు కాదు, దాదాపు రెండు రెట్లే పెరుగుతుంది. కాల్షియం లోపలికి పోవాలంటే అప్పటికే కట్టిన పొరను దాటుకుంటూ పోవాలి, ఆ దారి నిమిషం నిమిషానికీ పొడవవుతోంది. అందుకే మందం సమయపు వర్గమూలం లెక్కన పెరుగుతుంది. పూస మధ్యకు దగ్గరయ్యేకొద్దీ ఈ లెక్క తప్పుతుంది, కారణం పిల్లలనే ఆలోచించమనండి.

పెరుగుతో తిరగేసిన పద్ధతి

పెరుగు పూసలు చేయాలనిపిస్తే పై పద్ధతి పనికిరాదు. పెరుగులోనే కాల్షియం ఉంది. ఆల్జినేట్ కలిపిన మరుక్షణం మిక్సీ జార్‌లోనే గడ్డ కడుతుంది. కాబట్టి స్థానాలు మార్చాలి. 200 గ్రాముల గట్టి పెరుగులో 4 గ్రాముల కాల్షియం లాక్టేట్, రుచికి పంచదార కలపండి. బయటి గిన్నెలో లీటరు ఆర్‌వో నీళ్ళకు 5 గ్రాముల ఆల్జినేట్, దీన్నీ ముందు రోజే కలిపి పెట్టుకోవాలి. గుండ్రటి చెంచాతో పెరుగు తీసుకుని గిన్నెలో మెల్లగా వంచండి. మూడు నిమిషాలాగి తీసి మంచినీళ్ళల్లో కడగండి. మజ్జిగ పలచగా ఉంటే చెదిరిపోతుంది, దాన్ని ఐస్ ట్రేలో గడ్డకట్టించి వేయడం సులువు.

ఇప్పుడు కాల్షియం లోపలినుంచి బయటికి వస్తోంది. పొర బయటివైపు పెరుగుతుంది, లోపల పెరుగు పెరుగుగానే ఉంటుంది. ఆల్జినేట్ గిన్నెలోంచి తీసి కడిగేస్తే పొరకు ముడిసరుకు ఉండదు, పెరగడం అక్కడికి ఆగిపోతుంది. పెళ్ళి విందుల్లో గంటల తరబడి బల్ల మీద పెట్టాలంటే ఈ పద్ధతే నమ్ముకోవాలి. ఒక్కటే జాగ్రత్త, గిన్నెలో రెండు పూసలు ఒకదానికొకటి తగలకూడదు. తగిలితే అతుక్కుపోతాయి, విడదీస్తే చిరుగుతాయి.

పూసను పాడుచేసి చూడండి

మూడు గ్లాసుల నీళ్ళు తీసుకోండి. ఒకదాంట్లో చెంచా సోడియం సిట్రేట్, ఇంకోదాంట్లో చెంచా ఉప్పు, మూడోదాంట్లో కాస్త వెనిగర్. మూడింట్లోనూ తలా నాలుగు మామిడి పూసలు వేయండి. సిట్రేట్ గ్లాసులో పూసలు మెత్తబడి కరిగిపోతాయి, ఎందుకంటే కాల్షియాన్ని సిట్రేట్ లాగేసుకుంటుంది. ఉప్పు నీళ్ళల్లో మెల్లగా ఉబ్బి వదులవుతాయి. అక్కడ సోడియం వచ్చి కాల్షియం చోటు ఆక్రమిస్తోంది. వెనిగర్‌లో గట్టిపడి ముడుచుకుంటాయి.

ఉప్పు గ్లాసును మళ్ళీ ఒకసారి చూడండి. మన ఒంట్లో రక్తం కూడా ఉప్పు ద్రవమే. షుగర్ వ్యాధికి ఇన్సులిన్ తయారుచేసే కణాలను క్యాప్సూల్‌లో పెట్టి శరీరంలో అమర్చాలన్న ఆలోచనకు అడ్డొచ్చిన చిక్కుల్లో ఇదొకటి. 1980లో లిమ్, సన్ అనే ఇద్దరు పరిశోధకులు ఆ కణాలను ఆల్జినేట్ చుక్కల్లో బంధించి, పైన పాలీలైసిన్ అనే ధనావేశపు పొర వేశారు. షుగర్ ఉన్న ఎలుకల్లో పెడితే కొన్ని వారాలు రక్తంలో చక్కెర అదుపులో ఉంది. గ్లూకోజు, ఇన్సులిన్ ఆ పొరలోంచి దూరుతాయి, దాడికి వచ్చే రోగనిరోధక కణాలు దూరలేవు. మన రెండో ప్రశ్నే అక్కడా పనిచేసింది. మొక్కల వైపు వస్తే, ట్రాంబేలోని భాభా అణు పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు శ్రీగంధం పిండాలను ఆల్జినేట్ పూసల్లో పెట్టి మొలకెత్తించారు, 1988లో ఆ పరిశోధన అచ్చయింది. కృత్రిమ విత్తనాలంటే ఇవే.

కాలేజీ ల్యాబ్‌లో: మైలుతుత్తం మొలక

ఇది తినే ప్రయోగం కాదు. డిగ్రీ ల్యాబ్‌లో లెక్చరర్ దగ్గరుండగా చేయండి. 100 మి.లీ. డిస్టిల్డ్ వాటర్‌లో 5 గ్రాముల పొటాషియం ఫెర్రోసయనైడ్ కరిగించి, గాజు గ్లాసులో కదలకుండా పెట్టండి. ఆవగింజంత మైలుతుత్తం పలుకు, అంటే కాపర్ సల్ఫేట్, అందులో వేయండి. పలుకు చుట్టూ ఎర్రటి గోధుమ రంగు పలుచని సంచి ఏర్పడుతుంది. చూస్తుండగానే ఉబ్బుతుంది, ఒకచోట చిట్లుతుంది, చిట్లిన చోట మళ్ళీ కొత్త పొర కడుతుంది. అలా కొమ్మలు వేసుకుంటూ పెరుగుతుంది.

కారణం ఏమిటంటే, కాపర్ ఫెర్రోసయనైడ్ పొర నీటిని దూరనిస్తుంది, లోపల కరిగిన లవణాన్ని బయటికి పోనివ్వదు. లోపల గాఢత ఎక్కువ కాబట్టి నీళ్ళు లోపలికి తోసుకొస్తాయి. 1867లో మోరిట్జ్ ట్రౌబె ఈ కృత్రిమ కణాలను చేసి చూపించాడు. మట్టి కుండ గోడల్లో ఇదే పొర కట్టించి 1877లో ఫెఫర్ నీళ్ళు అలా తోసుకొచ్చే ఒత్తిడిని, అంటే ద్రవాభిసరణ పీడనాన్ని కొలిచాడు. ఆ కొలతల మీదే వాంట్ హాఫ్ తన సిద్ధాంతం కట్టాడు. 1901లో కెమిస్ట్రీకి ఇచ్చిన మొట్టమొదటి నోబెల్ ఆయనకే వచ్చింది. ఆవగింజంత మైలుతుత్తం ఇంత దూరం తీసుకెళ్ళింది.

ఫెర్రోసయనైడ్‌ను యాసిడ్‌తో కలిపి వేడి చేయకూడదు, విషవాయువు వస్తుంది. మిగిలిన ద్రవాన్ని సింకులో పోయకుండా ల్యాబ్ వ్యర్థాల సీసాలో వేయండి.

జీవుల పద్ధతి

సబ్జా గింజలు గ్లాసు నీళ్ళల్లో వేస్తే కొద్ది నిమిషాల్లో చుట్టూ పారదర్శకమైన జిగురు తొడుగు వస్తుంది. విత్తనం పైపొర కణాల్లో దాచిపెట్టిన పాలీశాకరైడ్లు, అంటే పొడవాటి చక్కెర గొలుసులు, నీళ్ళు తగలగానే ఉబ్బి బయటపడతాయి. ఇక్కడ తొడుగు సరుకు బయటినుంచి రాలేదు, గింజే తెచ్చుకుంది. బ్యాక్టీరియా చేసేదీ ఇదే పని, కాకపోతే బతికున్నంతకాలం చేస్తూనే ఉంటుంది.

బెల్లం వండే రైతులను అడగండి. నరికిన చెరకు ఆడకుండా రోజుల తరబడి ఉంటే రసం జిగట సాగుతుంది. ల్యూకోనోస్టాక్ అనే బ్యాక్టీరియా పంచదారను విరగ్గొట్టి, అందులోని గ్లూకోజును డెక్స్‌ట్రాన్ అనే గొలుసుగా అల్లి తన చుట్టూ వదులుతుంది. మన ఇడ్లీ పిండి పులవడంలో పాలుపంచుకునేది కూడా ఈ జాతే. రోగకారక క్రిముల జోలికి పోకుండా ఈ జిగట రసంతోనే మైక్రోస్కోప్ కింద ప్రయత్నించండి. గాజు పలక మీద చిన్న చుక్క రసం, పక్కన ఇండియా ఇంకు చుక్క. రెండూ కలిపి కవర్ స్లిప్ వేసి నూనె లెన్సుతో చూడండి. మామూలు స్లైడులకు చేసినట్టు మంట మీద కాల్చకండి, వేడికి తొడుగు ముడుచుకుంటుంది. ఇంకు రేణువులు జిగురులోకి దూరలేవు కాబట్టి నల్లటి నేల మీద కణం చుట్టూ తెల్లటి వలయం కనిపించాలి. వలయం అంచు చెదిరినట్టుంటే అది వదులైన జిగురు పొర. కణానికి గట్టిగా అంటుకుని, అంచు తీరుగా ఉన్నదాన్నే మైక్రోబయాలజీ వాళ్ళు క్యాప్సూల్ అంటారు. మెదడు పొరల వాపు (మెనింజైటిస్) రోగుల వెన్ను నీటిలో క్రిప్టోకాకస్ అనే ఫంగస్ ఉందేమోనని ఆసుపత్రి ల్యాబుల్లో చూసే పద్ధతుల్లో ఈ ఇంకు పద్ధతీ ఒకటి.

న్యుమోనియా తెచ్చే న్యుమోకాకస్‌కు క్యాప్సూలే కవచం. అది ఉంటే తెల్లరక్తకణాలు దాన్ని సులువుగా మింగలేవు. 1928లో గ్రిఫిత్ ఎలుకల మీద చూపించిందేమిటంటే, తొడుగు లేని బతికున్న క్రిములకు, వేడితో చంపిన తొడుగు క్రిములను కలిపి ఎక్కిస్తే ఎలుకలు చచ్చిపోయాయి, వాటిలో తొడుగున్న బతికిన క్రిములు దొరికాయి. తొడుగు తయారుచేసే విద్య చచ్చిన వాటినుంచి బతికిన వాటికి చేరింది. ఆ విద్యను మోసుకెళ్ళింది డీఎన్ఏ అని 1944లో ఏవరీ బృందం తేల్చింది. ఇప్పుడు మన పిల్లలకు ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా వేసే న్యుమోకాకల్ టీకాలో ఉండేది కూడా ఆ తొడుగు చక్కెరలే, ఒక ప్రోటీన్‌కు అతికించి ఇస్తారు. రెండేళ్ళలోపు పిల్లల శరీరం ఉత్త చక్కెరను శత్రువుగా సరిగా గుర్తించదు, ప్రోటీన్ తోడుంటే గుర్తిస్తుంది. మన దేశంలో ఈ టీకా 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై 2021కి దేశమంతా వచ్చింది.

ఆవకాయ నూనెను బంధించడం

ఇప్పటిదాకా చేసినవి కంటికి కనిపించే సైజు. మెటీరియల్ సైన్స్ వాళ్ళకు కావలసింది వెంట్రుక మందం కంటే చిన్నవి. జెలటిన్ జంతువుల ఎముకలు, చర్మాల నుంచి వస్తుంది కాబట్టి ఇంట్లో ఒప్పుకోకపోతే ఇది కాలేజీలోనే చేసుకోండి.

2 గ్రాముల జెలటిన్ 100 మి.లీ. గోరువెచ్చటి నీళ్ళల్లో, 2 గ్రాముల గమ్ అరబిక్ (తుమ్మ జాతి చెట్ల జిగురు) ఇంకో 100 మి.లీ.లో కరిగించండి. ఆవకాయ జాడీలో పైన తేలే ఎర్ర నూనె ఒక చెంచా వడకట్టి తీసుకోండి. దానికి రంగు ఉంది, ఆ రంగు నీళ్ళకు అంటదు, లోపల నూనె చిక్కిందో లేదో తెలియడానికి అంతకంటే మంచి గుర్తు లేదు. జెలటిన్ ద్రావణంలో ఈ నూనె పోసి బ్లెండర్‌తో సన్నటి చుక్కలుగా విరగ్గొట్టి, గమ్ ద్రావణం కలపండి. వేడి 45 డిగ్రీల దగ్గర నిలపండి. ఆపకుండా కలుపుతూ వెనిగర్ చుక్క చుక్కగా వేసి పీహెచ్ 4కు తీసుకురండి.

ఆ దగ్గర జెలటిన్ ధనావేశంతో, గమ్ రుణావేశంతో ఉంటాయి. రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని నీళ్ళలోంచి వేరుపడి, చిక్కటి చిన్న చిన్న బిందువులవుతాయి. అవి నూనె చుక్కల మీద చేరి చుట్టుకుంటాయి. గిన్నెను ఐసు నీళ్ళల్లో పెట్టి, కలపడం ఆపకుండా మెల్లగా చల్లార్చితే ఆ పొర గట్టిపడుతుంది. తొందరపడి చల్లారిస్తే ఉండలు కట్టడం ఖాయం. ఒక చుక్క స్లైడు మీద వేసి చూస్తే ఎర్ర నూనె చుట్టూ పారదర్శకమైన అంచు కనిపిస్తుంది.

కార్బన్ పేపర్ పెట్టకుండానే కింద కాపీ పడే బిల్లు పుస్తకాలు చూసుంటారు. అమెరికాలోని ఎన్‌సీఆర్ అనే కంపెనీలో బారెట్ గ్రీన్ 1950లలో ఈ పద్ధతితోనే వాటిని సాధించాడు. పై కాగితం వెనకవైపు రంగు లేని డై నింపిన క్యాప్సూల్స్ ఉంటాయి. పెన్ను ఒత్తిడికి అవి పగిలి, కింది కాగితం పూతతో కలిసి రంగు తేలుతుంది. 2001లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఇంకో అడుగు వేశారు. ఎపాక్సీ ప్లాస్టిక్‌లో అతుకు ద్రవం నింపిన యూరియా ఫార్మాల్డిహైడ్ క్యాప్సూల్స్ కలిపారు. పగులు వచ్చి క్యాప్సూల్‌ను చీల్చగానే ద్రవం కారి, అక్కడే ఉన్న ఉత్ప్రేరకం తగిలి గట్టిపడి, పగులు దానంతటదే పూడుకుంది. ఇలాంటి చోట క్యాప్సూల్ పగలాల్సినప్పుడు పగలడమే దాని పని. మరీ గట్టి పొర కట్టినా ఉపయోగం లేదు.

చేతితో చేయలేనివి కొన్ని

ఒకే ఒక్క అణువును లోపల బంధించే క్యాప్సూల్స్ కూడా ఉన్నాయి. 1985లో డొనాల్డ్ క్రామ్ అలాంటివి తయారుచేశాడు, 1987లో ఆయనకు ఇంకో ఇద్దరితో కలిపి నోబెల్ వచ్చింది. పొగాకు మొజాయిక్ వైరస్ ప్రోటీన్, ఆర్ఎన్ఏ విడివిడిగా తీసి మళ్ళీ కలిపితే వాటంతటవే కూర్చుకుని పనిచేసే వైరస్ అయిందని 1955లోనే తేలింది. వీటి జోలికి ఇంట్లో వెళ్ళలేం కాబట్టి చార్టు మీద రాసుకోవడానికి ఈ రెండూ చాలు.

కడిగే ముందు

మిగిలిన ఆల్జినేట్ ద్రవాన్ని, కాల్షియం నీళ్ళను ఒకదాని తర్వాత ఒకటి ఒకే సింకులో పోయకండి. రెండూ పైపు వంపులో కలిసి అక్కడే జెల్లీ కట్టి నీళ్ళు దిగవు. గుజ్జు, ఆల్జినేట్ మిగిలితే అదే కాల్షియం గిన్నెలో పోసేయండి, ముద్దవుతుంది. దాన్ని తీసి తడి చెత్తలో వేసి, మిగిలిన నీళ్ళు పారబోయండి. సిరంజిలో ఇరుక్కున్న జెల్ వేడి నీళ్ళకు రాదు, సిట్రేట్ నీళ్ళల్లో అరగంట నానబెడితే వస్తుంది.